నాలుగు తీగల కింద ఇత్తడి ముక్క

మొన్న నిజామాబాద్‌లో దగ్గరి చుట్టాల ఇంట పెళ్లికి వెళ్లి, భోజనాలకు ఇంకా వేళ కాకపోవడంతో ఫంక్షన్ హాలులో వేదికకు కొంచెం పక్కగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సాయంత్రం పాటలు పాడాల్సిన కుర్రాళ్లు నలుగురు తమ పెట్టెలు విప్పుకుంటూ, వైర్లు కలుపుకుంటూ, ఒకరి మాట ఒకరు వినకుండా వాదించుకుంటున్నారు. నేను మొదట పట్టించుకోలేదు. కానీ వాళ్లలో ఒకడు బాస్ గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని, చేతిలో ఒక ఇత్తడి ముక్కను పైకెగరేసి పట్టుకుంటూ, ఈ బరువైన బ్రిడ్జి బిగిస్తే దీని గొంతే మారిపోతుందని అన్నాడు. రెండోవాడు, అదంతా అమ్ముకునేవాళ్ల మాట, బరువుకూ గొంతుకూ సంబంధమే లేదు పొమ్మన్నాడు. నేను కుర్చీలో ముందుకు జరిగాను. యాభై ఏళ్ల కిందట బోధన్‌లో మా అక్కా వాళ్ల క్వార్టర్ ముందు గదిలో, ఇంచుమించు ఇవే మాటలతో, మేమూ కొట్లాడుకున్నాం. లేచి నాలుగడుగులు వేశాను కూడా. ఆ కుర్రాళ్లు నన్ను చూసి, తాతా, భోజనాలు పక్క హాల్లో అని మర్యాదగా చేయి చూపించారు. తలూపి వెనక్కి వచ్చాను. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. తిన్న అన్నం తిన్నట్టుగా లేదు, చదివిన పేపరే మళ్లీ చదువుతున్నాను. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను.

తెలియనివారికి ఒక మాట చెప్పాలి. బాస్ గిటార్‌కు నాలుగే తీగలు, అవీ లావుపాటివి. పాటకు అడుగున ఉండి నడిపించే లోతైన స్వరం దానిది. ఉన్నప్పుడు ఎవరూ గమనించరు, ఆగిపోతే మాత్రం పాట కింద నేల జారిపోయినట్టుంటుంది. ఆ నాలుగు తీగలనూ కింది చివరన చెక్కకు కట్టిపడేసే లోహపు ముక్కనే బ్రిడ్జి అంటారు. ఆ ముక్క బరువు పెంచితే స్వరం మారుతుందా అన్నదే ఆ కుర్రాళ్ల తగాదా, మా తగాదా కూడా అదే. చూస్తే ఇంతే. కానీ దాని పక్కనే నా బతుకు ఒక మలుపు తిరగబోయి ఆగిపోయింది.

మాది నవీపేట్ దగ్గర ఒక పల్లె. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు నేను రెండో తరగతిలో ఉన్నాను. వరి, కొంచెం పసుపు, ఒక మడి చెరుకు, అదీ మా సేద్యం. బాపు నన్ను చూసినప్పుడల్లా ‘వీని కాలు నిలువది’ అనేవాడు, అది నిజమే. పసుపు ఉడకబెట్టే చోట కూర్చోమంటే అంగడికి పోయేవాణ్ణి, అంగడికి పంపితే అక్కడ మరాఠీలో బేరమాడే వ్యాపారుల మాటల యాస నేర్చుకుంటూ పొద్దుగూకేదాకా తిరిగేవాణ్ణి. చదువు పదితో ఆపి, నిజామాబాద్‌లో లేత్ మిషన్ పని నేర్చుకున్నాను. అక్క పెళ్లై బోధన్‌లో ఉండేది. బావ అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు రసం పరీక్ష చేసే గదిలో పని చేసేవాడు. ఆయన చెప్పిపెట్టిన మాట మీదనే నాకు వర్క్‌షాపులో టర్నరుగా పని దొరికింది. అరిగిపోయిన మిషను భాగాలను కొలత పట్టి మళ్లీ తయారు చేయడం టర్నరు పని. కొలువు ఇంకా పక్కా కాలేదు. జానకంపేట మీదుగా వచ్చే చిన్న రైలు దిగి, రేకు పెట్టె భుజాన వేసుకుని అక్క ఇంటికి వచ్చిన రోజున, ఇక్కడ ఒక ఏడాది ఉంటానేమో అనుకున్నాను. ఎక్కడికి వెళ్లినా నేను అట్లాగే అనుకునేవాణ్ణి.

బావ అకార్డియన్ వాయించేవాడు. ఎక్కడ నేర్చుకున్నాడో ఎప్పుడడిగినా ఒక్కో తీరుగా చెప్పేవాడు. ఉద్యోగంలో రసాన్ని చుక్క చుక్క కొలిచి, కాగితం మీద రాస్తేగాని నమ్మని మనిషి, పాట దగ్గరికి వచ్చేసరికి కొలతలన్నీ పక్కన పెట్టి, చెవి ఒక్కటే నిజం అనేవాడు. క్వార్టర్లలోని నలుగురైదుగురిని పోగేసి ఒక ఆర్కెస్ట్రా పెట్టాడు. ఒకరు ఢోలక్, ఒకరు బొంగోలు, పాడేందుకు ఇద్దరు. పెళ్లిళ్లకు, వినాయక నవరాత్రులకు, ఒక్కోసారి ఫ్యాక్టరీ క్లబ్బులో ఎవరైనా అధికారి బదిలీ మీద వెళ్లేటప్పుడు మమ్మల్ని పిలిచేవారు.

ఆ ఆర్కెస్ట్రాలో పాడే ఇద్దరిలో ఒకడు నా స్నేహితుడు. వాళ్లది కోస్తా వైపు నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూములు చేసుకుంటున్న రైతు కుటుంబం. బోధన్‌కు సైకిల్ మీద ముప్పావుగంట దూరంలో వాళ్ల ఊరు. వాడి మాట తీరు వేరు, నా మాట తీరు వేరు. వాడు ‘ఏంటిరా’ అంటే నేను ‘ఏందిరా’ అనేవాణ్ణి, మా అక్కకు ఈ ఏంటి, ఏంది వినడం సరదాగా ఉండేది. అరవై తొమ్మిదిలో గొడవలు జరిగిన నెలల్లో, అక్కడి వాళ్లూ ఇక్కడి వాళ్లూ అని మాటలు మండిపోతున్నప్పుడు కూడా, వాడు మా అక్క చేతి జొన్నరొట్టె తినడం మానలేదు, నేను వాళ్ల అమ్మ పెట్టే గోంగూర పచ్చడి మానలేదు. వాళ్ల నాన్న వద్దన్నాడు, మా వాళ్లూ వద్దన్నారు. మేమిద్దరం ఎవరి మాటా వినలేదు. ఆ స్నేహం మీద నాకు అంత ధీమా ఉండేది కనుకనే, తరవాత నేను చేసిన పని అంత తేలిగ్గా చేయగలిగానేమో.

గొడవలు సద్దుమణిగాక రెండేళ్లకు వాడు బొంబాయి వెళ్లి, అక్కడెవరో వాయించి వదిలేసిన పాత బాస్ గిటార్ ఒకటి తెచ్చాడు. మా దగ్గర ఎవరమూ అప్పటిదాకా దాన్ని కళ్లారా చూసింది లేదు. ఢోలక్ వాయించే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ‘నాలుగే తీగలున్నయేందిరా, మిగిలిన రెండు రైల్ల పారేసుకున్నవా?’ అని అడిగాడు. స్నేహితుడి వేళ్లకు అది లొంగలేదు, పైగా వాడి మనసు పాడటం మీదనే. ఒక ఆదివారం దాన్ని నా ఒళ్లో పెట్టి, నువ్వు పట్టు అన్నాడు. ఆ లావు తీగను మొదటిసారి మీటినప్పుడు నా రొమ్ము ఎముకకు తగిలిన ఆ అదురు, ఎట్లా చెప్పను? ఏ పనిలోనూ గంటసేపు నిలవని నేను ఆ రోజు పొద్దున కూర్చుంటే, అక్క వచ్చి అన్నం చల్లారిపోయిందని మందలించేదాకా లేవలేదు.

నిజామాబాద్‌లో రేడియోలు బాగుచేసే ఒకాయన మాకు ఆంప్లిఫయర్ కట్టి ఇచ్చాడు. టేకు పలకల పెట్టెలో పెద్ద స్పీకరు బిగించాం. ఏడాది తిరిగేసరికి చేయి కుదిరింది. చేయి కుదిరిన కొద్దీ, చెవి కుదురు తప్పింది. నేను మీటిన స్వరం ‘ధబ్’మని పుట్టి, నిలబడకముందే చచ్చిపోయేది. గ్రామఫోను రికార్డుల్లో వినిపించే బాస్ అట్లా కాదు, ఒక స్వరం పోయేలోపల ఇంకొకటి అందుకుంటుంది. నాది మాత్రం మెట్లు విరిగిన నిచ్చెనలాగ ఉండేది. తప్పు వేళ్లలో ఉందని బావ అనేవాడు. నేను ఒప్పుకోలేదు. గిటార్‌ను బోర్లించి, వెల్లకిలా వేసి, వెతికి వెతికి, చివరికి ఆ బ్రిడ్జి మీద పడ్డాను. అది పల్చటి రేకును వంచి చేసిన ముక్క, వేలితో నొక్కితే కదిలేది.

ఒకరోజు వర్క్‌షాపులో తుక్కు కుప్ప పక్కన పాత పంపు ఇరుసుకు తొడిగే మందపాటి ఇత్తడి గొట్టం, మేము బుష్ అనేది, ఒకటి చేయి జారి గచ్చు మీద పడింది. అది ఖంగుమని మోగి, మోత చాలాసేపు నిలిచింది. దాని పక్కనే డబ్బా మూత ఒకటి పడేసి చూశాను, చప్పుడై ఊరుకుంది. అంతే, బరువున్నదే మోగుతుంది, తేలికైంది మింగేస్తుంది అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. సాయంత్రం బావకు చెబితే ఆయన అకార్డియన్ బెల్టు సర్దుకుంటూ, ‘ఇత్తడి ఏస్తె ఇత్తడి మోగుతది బామ్మర్దీ, పాట మోగుతదా?’ అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఆర్కెస్ట్రా రెండుగా చీలిపోయింది. ఢోలక్ ఆయన నా వైపు, బొంగోల ఆయన బావ వైపు. స్నేహితుడు మాత్రం ఇద్దరివైపూ తలాడించి, టీ ఎవరు పెడతారని అడిగేవాడు.

ఇట్లా ఉండగా ఒక కబురు వచ్చింది. హైదరాబాద్‌లో పెద్ద ఆర్కెస్ట్రా నడిపే ఒక పెద్దమనిషి వినాయక నవరాత్రుల్లో నిజామాబాద్ వస్తున్నాడనీ, ఆయనకు ఊరూరా తనతో తిరిగేందుకు బాస్ వాయించే మనిషి కావాలనీ, మా కార్యక్రమం చూస్తాడనీ ఆ కబురు సారాంశం. ఆ మాట విన్న ఘడియ నుంచి నేను బోధన్‌లో లేను. లేత్ ముందు నిలబడితే లోహం తిరుగుతున్నట్టుగాక బస్సు చక్రాలు తిరుగుతున్నట్టు ఉండేది. కొలువు పక్కా చేసేవాళ్ల జాబితాలో ఈసారి నా పేరు కూడా ఉందని మా వర్క్‌షాపు పెద్ద మిస్త్రీ చెబితే, సంతోషపడాల్సింది పోయి, ఎవరో నా కాళ్లకు తాడు కడుతున్నట్టు ఉలిక్కిపడ్డాను. ఆ పెద్దమనిషి ముందు నా స్వరం నిలవాలి. అది నిలవాలంటే బ్రిడ్జి మారాలి. నా బుర్రలో ఇంకో ఆలోచనకు చోటు లేదు.

సరిగ్గా అప్పుడే స్నేహితుడి నాయనమ్మ కోస్తాలో వాళ్ల పాత ఊళ్లో పోయింది. కర్మకాండల కోసం వాళ్లంతా పదిహేను రోజులు వెళ్లారు. వెళ్తూ గిటార్ నా దగ్గర ఉంచి, జాగ్రత్త అని కూడా అనలేదు వాడు. అనాల్సిన అవసరం ఉందని తోచి ఉండదు.

మిస్త్రీని అడిగాను. ఆయన పని పట్ల ఎంత కఠినుడో, పనిమీద ఇష్టం ఉన్నవాడి పట్ల అంత మెత్తన. తుక్కులోని ఆ బుష్ తీసుకోమని, భోజనాల గంటలో లేత్ వాడుకోమని ఒప్పుకున్నాడు. కానీ, ‘గిటారు ఎవలిది? ఆయినెను అడిగినవా?’ అని ఒక ప్రశ్న వేశాడు. అడిగానని అబద్ధం చెప్పాను. ఆరు రోజులు భోజనాల గంటలన్నీ ఆ ముక్క మీదనే పోయాయి. కోసి, చదును చేసి, నాలుగు తీగలకు నాలుగు గాళ్లు గీసి, రాపిడి పెట్టి, చివరికి అరచేతిలో పెట్టుకుంటే కోడిపిల్లంత వెచ్చగా, పడికట్టు రాయంత బరువుగా ఉంది. నా చేతి పనుల్లో అంత అందమైనది మళ్లీ నేను చేయలేదు.

ఆదివారం మధ్యాహ్నం పాత రేకు బ్రిడ్జి ఊడదీశాను. ఇత్తడి ముక్కకు లావు స్క్రూలు కావాలి, కనుక చెక్కలో కొత్త రంధ్రాలు పెట్టాలి. మూడు సరిగ్గా దిగాయి. నాలుగోది అంచుకు మరీ దగ్గరగా పెట్టాను. స్క్రూ బిగిస్తుంటే సన్నగా, గోటితో పేడు విరిచినట్టు ఒక చప్పుడైంది. వెంట్రుకంత పగులు ఆ రంధ్రం నుంచి అంచుదాకా పాకింది. తలెత్తి చూశాను. ఇంట్లో ఎవరూ ముందు గదిలో లేరు. వడ్రంగుల జిగురులో రంపపు పొట్టు కలిపి పగులులో కూరి, గుడ్డతో గట్టిగా కట్టి, మర్నాటికి దాన్ని నున్నగా రుద్ది, పైన ఇత్తడి పలక కప్పేశాను. పలక వెడల్పుగా ఉండటంతో పగులు కనబడకుండా పోయింది. స్నేహితుడు బొంబాయి నుంచి తెచ్చి దాచిన కొత్త తీగలు ఒక జత ఉంటే, అవి కూడా ఎక్కించాను.

మీటాను. ఆ మోతను నేను ఇప్పటికీ చెవుల్లో తెచ్చుకోగలను. గుండ్రంగా, నిండుగా పుట్టి, గది నాలుగు మూలలూ తిరిగి వచ్చి నా మోకాళ్ల మీద వాలినట్టు నిలిచింది. లోపలి గదిలోంచి బావ వచ్చాడు. ఇంకోసారి మీటమన్నట్టు చేయి ఊపాడు, మళ్లీ విన్నాడు, గడ్డం గోక్కున్నాడు. గెలిచాననుకున్నాను. అంతలో అక్క పిండి చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చి, తన మామూలు గొంతుతో, ‘మంచిగనే ఉన్నది తమ్మీ. తీగలు కొత్తయి ఏసినవ్ గదా, అందుకే గావొచ్చు’ అంది. ఆమెకు గిటార్ గురించి తెలిసింది సున్నా. రోజూ వినే మనిషి, విన్నది చెప్పింది. నాకు ఎంత కోపం వచ్చిందంటే, పీట మీద నుంచి లేచి సైకిలేసుకుని ఎడపల్లి దాకా ఊరికే తొక్కుకుంటూ వెళ్లి, ఊరికే తిరిగి వచ్చాను. కోపం అక్క మీద కాదని ఇప్పుడు తెలుస్తుంది. రెండు మార్పులు ఒకేసారి చేసి, వచ్చిన పుణ్యమంతా ఒకదానికే కట్టబెట్టానని లోపల నాకే తెలుసు.

కార్యక్రమానికి ముందురోజు స్నేహితుడు వచ్చాడు. గుండు చేయించుకున్న తల మీద తువ్వాలు. ఇత్తడి బ్రిడ్జి చూసి, ‘ఓరి నీ! ఇది నువ్వు చేశావంట్రా?’ అని నా వీపు మీద చరిచాడు. తన వస్తువుకు తనను అడగకుండా రంధ్రాలు పెట్టినందుకు వాడు ఒక్క మాట అనలేదు. చెప్పేస్తే అప్పుడే చెప్పాలి. పగిలిందిరా, అతికించాను అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది. వాడి సంతోషం చూసి, రేపొక్కటి గడవనీ, తరవాత చెబుదాం అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం నిజామాబాద్‌లో పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు. మధ్యాహ్నం వాన కురిసి వెలిసింది, గాలిలో తడి. ఆ పెద్దమనిషి ముందు వరసలో కూర్చున్నాడు, తెల్ల లాల్చీ, మోకాలి మీద వేలితో తాళం. మొదటి మూడు పాటలు నేను నేల మీద లేను. నాలుగోది హుషారైన పాట, స్నేహితుడిదే గొంతు. రెండో చరణంలో నా కుడిచేతి కింద ఏదో కదిలింది. చూసేలోపల జిగురు వదిలేసి, పగులు నోరు తెరిచి, ఇత్తడి ముక్క ఒక పక్కకు లేచి వచ్చింది. నాలుగు తీగలూ ఒక్కసారి వదులై, స్వరం కిందికి, ఇంకా కిందికి, తాగినవాడి మూలుగులా జారిపోయింది. జనంలో ఎవరో నవ్వారు. బావ నా వైపు ఒక్క చూపు చూసి, మరుక్షణం ఎడమచేతి మీటల మీద అకార్డియన్‌లోనే అడుగు స్వరాలు అందుకుని పాటను నిలబెట్టాడు. స్నేహితుడు పాట ఆపకుండా పాడుతూనే నా ఒళ్లోకి చూశాడు. పగులులోంచి ఊడివచ్చిన జిగురు పేళ్లు, రంపపు పొట్టు వాడికి స్పష్టంగా కనబడ్డాయి.

కార్యక్రమం అయ్యాక వేదిక వెనక వాడు గిటార్‌ను తాకనైనా తాకలేదు. మెల్లగా, నాకు మాత్రమే వినబడేట్టు, ‘విరిగినందుక్కాదురా. విరిగిందని నాకు చెప్పలేదు చూడు, అదీ’ అన్నాడు. గిటార్ నువ్వే ఉంచుకో అని వెళ్లిపోయాడు. పెద్దమనిషి కూడా అప్పటికే లేచి వెళ్లిపోయాడు. ఊళ్లు మండినప్పుడు తెగని స్నేహం, వెంట్రుకంత పగులు దగ్గర తెగింది.

ఆ తరవాతి రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు, తిరిగానని మాత్రం గుర్తుంది. పని దిగగానే ఎటో ఒకవైపు నడిచేవాణ్ణి. నన్ను ఇంటికి లాగింది బావే. పాత ఇల్లు విప్పిన చోట నుంచి బాగా ఎండిన టేకు దర్వాజా ముక్క ఒకటి తెచ్చి నా ముందు పడేసి, ‘ముందుగాల చెక్క సంగతి సూడు, పాట సంగతి తర్వాత సూద్దాం’ అన్నాడు. ఎన్నాళ్లుగానో నాతో వాదించిన మనిషి, నేను ఓడిపోయిన నాడు ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. ఎరిగిన వడ్రంగి దగ్గర కూర్చుని పగిలినమేర చెక్క తీసేసి, టేకు ముక్క అతికి, దాన్ని నెలరోజులు ఆరనిచ్చాం.

అప్పుడు బావకు తన ల్యాబు బుద్ధి గుర్తొచ్చింది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, అది మన పద్ధతి అన్నాడు. ఇత్తడి ముక్క అచ్చు కొలతలతో అల్యూమినియంలో ఇంకొకటి చేయించాడు నాతో. పాత రేకు బ్రిడ్జిని కూడా వంపు తీసి, దాని స్క్రూలు గట్టిగా పట్టేట్టు చేశాను. మూడింటికీ నేను ముందు విప్పేసిన ఆ పాత తీగలే. అక్క మాకు వీపు పెట్టి కూర్చుని, చేటలో బియ్యం ఏరుతూ, మోత ఆగిపోగానే చేటను గోటితో తట్టాలి. నేను మీటాలి, బావ అంకెలు లెక్కపెట్టాలి. మూడు ఆదివారాలు అదే పని చేశాం. అల్యూమినియం ఏదో, ఇత్తడి ఏదో అక్క ఒక్కసారి కూడా నమ్మకంగా చెప్పలేకపోయింది. బావ లెక్కలో ఇత్తడి మోత మిగతావాటికన్నా ఒక అంకె, మహా అయితే ఒకటిన్నర ఎక్కువ నిలిచింది. మొదలు కొంచెం గట్టిగా, స్పష్టంగా పుట్టింది. గట్టిగా బిగించిన పాత రేకు వాటి వెనకే వచ్చింది. ఇన్నాళ్లూ మోతను మింగింది తేలికదనం కాదు, వదులైన స్క్రూలు. చివరి ఆదివారం బావ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, ‘ఫరక్ ఉన్నది. నేను ఒప్పుకుంట. కని చెక్కను పలగ్గొట్టుకునేంత ఫరక్ లేదు’ అన్నాడు.

కార్తీకంలో, కోతల వేళ, గిటార్‌ను దుప్పట్లో చుట్టి, మూడు బ్రిడ్జీలనూ గుడ్డలో మూటగట్టి, సైకిల్ మీద వాళ్ల ఊరికి బయల్దేరాను. కాలువ గట్టు పొడుగునా, తిరిగి పోదామా అని ఎన్నిసార్లు బ్రేకు వేశానో. వాళ్ల అమ్మ గడపలో నన్ను చూసి, ‘ఇన్నాళ్లకు దారి తెలిసిందా బాబూ’ అని, మజ్జిగ ఇచ్చి, వాడు కళ్లంలో ఉన్నాడని చెప్పింది. వెళ్లాను. వాడు వడ్లు తూర్పారబడుతున్నాడు. నన్ను చూసి చేట ఆపలేదు. నేను నిలబడే అంతా చెప్పాను, చెప్పకుండా డ్రిల్లు పెట్టడం, నాలుగో రంధ్రం, జిగురు, పొట్టు, మిస్త్రీకి చెప్పిన అబద్ధం, అన్నీ. మూట విప్పి, ఇదీ ఇదీ ఇదీ, తేడా ఇంతే, నీ పాత రేకే చాలు, బిగిస్తే సరిపోయేది అన్నాను.

వాడు చేట కింద పెట్టాడు. వడ్ల రాశి పక్కన కూర్చుని, పక్కకు జారిన గింజలను అరచేత్తో రాశిలోకి తోశాడు. తరవాత, ‘నేనూ ఒకటి చెప్పలేదురా’ అన్నాడు. ఆ రోజు ఆ పెద్దమనిషి వెళ్లిపోతూ పందిరి బయట వాణ్ణి పిలిచి, ఆ బాస్ కుర్రాడి పరికరం సంగతి ఎట్లా ఉన్నా చేతిలో తాళం ఉంది, నెలలోపల నా దగ్గరికి పంపు అని, ఇంటి గుర్తులు కూడా చెప్పి వెళ్లాడట. వాడు కోపంలో ఊరుకున్నాడు. వారం పోయాక చెబుదామనుకున్నాడు. తరవాత నేనే ముందు తన దగ్గరికి రావాలని పంతం పట్టాడు. ఆ తరవాత నెల దాటిపోయింది, ఇక చెప్పే ముఖం లేకపోయింది. చెప్పి, ‘కొట్టరా, ఊరికే నిలబడకు’ అన్నాడు.

నేను కొట్టలేదు. కోపం వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. నేను దాచింది వాడి వస్తువును పగలగొట్టింది, వాడు దాచింది నా దారిని పగలగొట్టింది, రెండూ ఒకే తప్పు, ఎవరిది పెద్దదని తూచడానికి నాకు ఓపిక లేకపోయింది. నేనూ చేట అందుకున్నాను. గాలి పడిపోయేదాకా ఇద్దరం వడ్లు తూర్పారబట్టాం. పొద్దు వాలుతుండగా కాలువలో చేతులు కడుక్కుని, వాడే ఆ పాత రేకు బ్రిడ్జిని బిగించి, నా చేతికిచ్చి, వాయించమన్నాడు.

ఆ వారంలోనే హైదరాబాద్ వెళ్లాను. ఆ పెద్దమనిషికి నేను గుర్తున్నాను. ఇన్నాళ్లు ఎందుకు రాలేదని అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను. అప్పటికి ఇంకొకర్ని తీసుకున్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నాకు ఏడుపు రాలేదు, నిద్రా రాలేదు. ఆ ఏడు ఫ్యాక్టరీలో చెరుకు ఆడే సీజను మొదలయ్యే ముందు నా కొలువు పక్కా అయింది. పదవీ విరమణ దాకా అదే బోధన్, అవే క్వార్టర్లు. క్యాసెట్లు వచ్చాక మా ఆర్కెస్ట్రాను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. బావ పోయి పదిహేనేళ్లయింది. స్నేహితుడు రెండేళ్ల కిందట పోయాడు. చివరిదాకా మా ఇద్దరిలో ఎవరికి ఏ చెడ్డ కబురు వచ్చినా అదే రోజు రెండోవాడికి చెప్పేవాళ్లం. ఎవరమూ అలా ఒట్టేసుకున్నది లేదు, అలవాటైపోయింది.

ఇప్పుడంతా మారిపోయింది, మారినందుకు నేను నిష్ఠూరమాడను. అప్పట్లో ఒక మాట హైదరాబాద్ నుంచి నా దగ్గరికి రావాలంటే ఎవరో ఒక మనిషి దాన్ని మోసుకురావాలి. ఆ మనిషికి కోపం ఉండొచ్చు, సిగ్గు ఉండొచ్చు, మాట వాడి జేబులో నెలలు ఉండిపోవచ్చు. ఈరోజైతే ఆ పెద్దమనిషి పందిరి దాటకముందే నా ఫోను మోగి ఉండేది. నేను మర్నాడే వెళ్లిపోయి ఉండేవాణ్ణి, ఊళ్లూ వేదికలూ తిరుగుతూ, నాకు కావలసినట్టే, ఎక్కడా నిలవకుండా. కానీ అప్పుడు ఆ కాలువ గట్టున బ్రేకులు వేసుకుంటూ వెళ్లే పని నాకుండేది కాదు. చెప్పాల్సింది చెప్పడానికి ఒక మనిషి ఎదుట నిలబడాల్సి వచ్చేది కాదు, వాడూ నా ఎదుట చేట కింద పెట్టేవాడు కాదు. ఈ రెండింటిలో ఏది కావాలో కోరుకోమంటే, ఇన్నేళ్లు వచ్చాక కూడా, ఒక్కోరోజు ఒక్కోటి కోరుకుంటున్నాను.